పాటలో మాట ఎక్కడికి పోతోంది?

ఘంటసాల భగవద్గీత విననివాళ్ళు తెలుగునాట అరుదు. రికార్డు కొనుక్కుని విన్నవాళ్ళకంటే గుడి మీద కట్టిన హారన్ మైకులోంచి, చెరువుగట్టు అవతలి నుంచి, ఊళ్ళో ఎవరో పోయారన్న మొదటి కబురుగా విన్నవాళ్ళే ఎక్కువ. ఆ హారన్ నాణ్యత గురించి చెప్పుకోకపోవడమే మేలు. బేస్ అనేదే ఉండదు, పైగా గరగర. అయినా అంత దూరాన పొలంలో పని చేసుకుంటున్న మనిషికి శ్లోకం ఎక్కడ అయిందో, తాత్పర్యం ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. అదే మనిషి సాయంత్రం ఇంట్లో ఖరీదైన సౌండ్‌బార్ ముందు కూర్చుని ఈమధ్యే విడుదలైన సినిమా పాట పెట్టుకుంటాడు. పల్లవిలో రెండో పాదం ఏమిటో అంతుపట్టక ఫోన్లో లిరికల్ వీడియో వెతుక్కుంటాడు.

"మా రోజుల్లో పాటలంటే పాటలు" అని నిట్టూర్చి ఊరుకోవచ్చు. సాహిత్యం బాగుందా లేదా అన్నది వేరే పంచాయితీ, దాన్ని ఇక్కడికి తేను. కవి మాట రాశాడు, గాయకుడు పాడాడు, మైకు పట్టుకుంది, ఫైలులో భద్రంగా ఉంది. అయినా చెవికి అందడం లేదు. ఎందుకు? రికార్డింగ్, మిక్సింగ్ అనే విద్యల గుట్టు చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చెవి చేసే పంపకం

గదిలో ఎన్ని వాద్యాలు మోగినా, ఎందరు గొంతు కలిపినా, చెవిలోకి వెళ్ళేది మాత్రం ఒకే ఒక్క గాలి ఒత్తిడి. అది పెరుగుతుంది, తగ్గుతుంది, అంతే. ఇది వయొలిన్ వాటా, ఇది గొంతు వాటా అని దాని మీద గుర్తులేమీ ఉండవు. ఆ కలగాపులగాన్ని విడదీసే పని లోపలి చెవిలోని కాక్లియాది. చుట్టలు చుట్టుకున్న ఆ గొట్టాన్ని చాపి చూస్తే లోపల దాదాపు 35 మిల్లీమీటర్ల పొడవున బేసిలార్ పొర కనిపిస్తుంది. మొదట్లో బిగుతుగా, ఇరుకుగా ఉండి పోనుపోను వదులై వెడల్పవుతుంది. కీచు శబ్దాలకు మొదటి భాగం ఊగుతుంది, గంభీర శబ్దాలకు చివరి భాగం. బుడాపెస్ట్‌లో పుట్టిన బెకెషీ అనే శాస్త్రవేత్త మృతదేహాల చెవుల్లోంచి తీసిన ఈ పొర మీద అలలు పరుగెత్తడం కళ్ళారా చూసి, 1961లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

పాటకు తగులుకున్న తిరకాసు ఆ పరుగులోనే ఉంది. అల ఎప్పుడూ పొర మొదటి కొస నుంచే బయలుదేరుతుంది. బేస్ గిటార్ తాలూకు అల తన చోటికి చేరాలంటే హెచ్చు ఫ్రీక్వెన్సీల ఇలాకా మొత్తం దాటుకుంటూ పోవాలి, పోతూ పోతూ అక్కడి పొరను కూడా ఊపేస్తుంది. గొంతులోని సన్నని ధ్వనుల అల మాత్రం మొదట్లోనే చల్లారిపోతుంది, బేస్ ఉండే చోటికి రానే రాదు. అందుకే గంభీరమైన శబ్దం సన్నని శబ్దాన్ని మింగినంత తేలిగ్గా సన్నది గంభీరమైనదాన్ని మింగలేదు. బెల్ టెలిఫోన్ సంస్థకు పనిచేసిన వెగెల్, లేన్ అనే ఇద్దరు 1924లోనే దీన్ని కొలిచి చూపించారు. మాస్కింగ్ అంటారు దీన్ని. మింగుడుపడ్డ శబ్దం గాలిలో ఉంటుంది, మైకులో ఉంటుంది, స్టూడియో తెర మీద గీతలా కూడా కనిపిస్తుంది. మెదడుకు మాత్రం ఆ కబురు అందదు.

ఇంకో చిక్కు. పొర మీద మరీ పక్కపక్కన పడే శబ్దాలను చెవి విడివిడిగా చూడలేదు. హార్వే ఫ్లెచర్ 1940లో చేసిన పని, తర్వాత జర్మనీలో త్స్విక్కర్ వేసిన లెక్క కలిపి చూస్తే, మన వినికిడి మొత్తం సుమారు 24 పట్టీలుగా పనిచేస్తుందని తేలింది. ఒకే పట్టీలో రెండు వాద్యాలు పడితే బలమైనదే గెలుస్తుంది. వేర్వేరు పట్టీల్లో పడితే రెండూ బతుకుతాయి. గొంతు, ఎలక్ట్రిక్ గిటార్, సింథసైజర్ మూడూ ఎగబడేది మధ్యలోని కొద్దిపాటి పట్టీల కోసమే.

పోనీ చెవి అన్ని పట్టీలనూ సమానంగా చూస్తుందా అంటే అదీ లేదు. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దూరం దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవున్న గొట్టం 3,000 హెర్ట్జ్ ప్రాంతంలోని శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మన చెవికి ఉన్న చురుకుదనం ఇంకెక్కడా లేదు. ఫ్లెచర్, మన్సన్ 1933లో గీసిన సమశ్రవణ రేఖలు దీనికి మరో ముడి వేశాయి. శబ్దం తగ్గించేకొద్దీ మన చెవికి మొదట దూరమయ్యేది బేస్. ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. మీకు నచ్చిన పాట పెట్టి, వాల్యూమ్‌ను వినీ వినబడనంతగా తగ్గించండి. చివరిదాకా మిగిలేవి గొంతు, స్నేర్ డ్రమ్ము దెబ్బ. ఆ స్థితిలో కూడా గొంతు ముందుగా కనుమరుగైతే ఆ మిక్స్‌లో ఏదో లోపం ఉన్నట్టే. చాలామంది మిక్సింగ్ ఇంజనీర్లు రోజూ చేసే పరీక్ష ఇది.

గుడి మీది హారన్‌కు ఇప్పుడు కొంత గౌరవం ఇవ్వక తప్పదు. ఆ లోహపు గొట్టం కొన్ని వందల హెర్ట్జ్ కిందివాటిని పలికించనే లేదు. అంటే మాటను మింగే శబ్దాలను వడకట్టి అవతల పారేస్తోంది. మాట స్పష్టతకు ప్రాణమైన భాగాన్ని, అంటే చెవి అత్యంత చురుగ్గా ఉండే భాగాన్ని మాత్రం గట్టిగా వదులుతోంది. పైగా ఆ రికార్డులో గొంతు వెనక వాద్యాలు ఎంతో పొదుపుగా ఉంటాయి. సంగీతం వినడానికి హారన్ పనికిమాలిన పరికరమే, మాట వినడానికి అంతకంటే గొప్పది దొరకడం కష్టం.

పాటకూ బాటకూ మధ్య

మాట అన్నాం గానీ, మాటలో ఏది పోతే మాట పోతుంది? అచ్చుల్లో బలం దండిగా ఉంటుంది. 'ఆ' అని గాయకుడు సాగదీస్తే ఏ వాద్యమూ దాన్ని పూర్తిగా కప్పలేదు. అర్థాన్ని మోసేవి ఎక్కువగా హల్లులు. అవేమో కొన్ని పదుల మిల్లీసెకన్లలో వచ్చి పోయే బలహీనులు.

'పాట', 'బాట' అనే రెండు మాటలు తీసుకోండి. రెంటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, ఒకేలా తెరుచుకుంటాయి. 'ప' పలికేటప్పుడు పెదవులు మూసి ఉన్నంతసేపు గొంతు నిశ్శబ్దం. 'బ'కు మాత్రం మూసిన పెదవుల వెనక స్వరతంత్రులు అప్పటికే మోగుతుంటాయి. ఆ మోత 100, 200 హెర్ట్జ్ దగ్గర మెల్లగా గుంయ్‌మంటుంది, అంతకుమించి పైకి రాదు. తేడాలో ముఖ్యభాగం ఆ గుంయ్‌మనేదే. సరిగ్గా అక్కడే కిక్ డ్రమ్ము, బేస్ గిటార్ కాపురం ఉంటాయి. తాళం దెబ్బ మీద ఆ అక్షరం పడిందంటే 'బ' కాస్తా 'ప' వైపు జారిపోతుంది. 'పలం', 'ఫలం' కథ మరో రకం. వత్తు అక్షరానికి ఉండే తేడా పెదవులు విడిపోయాక వచ్చే ఒక చిన్న ఊపిరి తెర. సింబల్స్ ఎడతెరపి లేకుండా మోగుతుంటే, లేదా గదంతా నిండేలా రివర్బ్ అనే కృత్రిమ ప్రతిధ్వని పోస్తే, ఆ ఊపిరి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఇక 'స', 'ష'ల సంగతి పూర్తిగా తలకిందులు. వాటి బలం 4,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య కుప్పపడి, మైకులో అవసరానికి మించి సుయ్యిమంటుంది. వాటిని అణచడానికి డీఎస్సర్ అని ప్రత్యేకంగా ఒక పరికరమే పుట్టింది. దాన్ని అతిగా వాడితే గాయకుడికి నాలుక మందమైనట్టు వినిపిస్తుంది.

గాయకుల ఉచ్చారణ చెడిందని మనం వేసే నిందల్లో కొన్ని ఈ పద్దులో పడాల్సినవేనని నా అనుమానం. అన్నీ కాదు లెండి.

మైకు ముందు వేసిన లెక్క

పూర్వం మిక్సింగ్ అన్న మాటే లేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు కరెంటు లేదు, మైకు లేదు. పెద్ద లోహపు గరాటు, దాని చివర పల్చటి పొర, పొరకు సూది, సూది కింద తిరిగే మైనపు పలక. గాయని గరాటులోకి తల పెట్టినంత దగ్గరగా నిలబడి గట్టిగా పాడాలి. వాద్యాలు ఎంత వినిపించాలో తేల్చేది వాటి దూరం. అవసరాన్ని బట్టి వాద్యకారులను వెనక్కి జరిపేవారు, ముందుకు లాగేవారు. మిక్సింగ్ అంటే కుర్చీలు జరపడం. మూడు నిమిషాల్లో పలక నిండిపోయేది కనుక పాటా అంతలోనే ముగియాలి. ఆ కొలత సినిమా పాటకు కూడా ఆస్తిగా సంక్రమించింది.

1925లో మైకు, యాంప్లిఫయర్‌తో విద్యుత్ రికార్డింగ్ వచ్చాక మొదట మారింది గొంతే. అంతకుముందు పాడటమంటే చివరి వరస దాకా వినబడేలా పాడటం. పాశ్చాత్య ఆపెరా గాయకులు ఇందుకు ఒక శరీర విద్యనే సాధించారు. సగటున ఆర్కెస్ట్రా బలం 500 హెర్ట్జ్ దగ్గర ఉండి ఆపైన తగ్గుతూ పోతుంది. వాళ్ళు గొంతు పైభాగాన్ని సర్దుకుని తమ బలంలో కొంత 3,000 హెర్ట్జ్ దగ్గర కుప్పపోస్తారు. ఆర్కెస్ట్రా బలహీనంగా, చెవి చురుకుగా ఉన్న చోటు కనుక అంతమంది వాద్యకారులను దాటి ఒక్క గొంతు వినిపిస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీన్ని విడమరిచి చెప్పాడు. మన పద్యనాటకాల నటులు హెచ్చు శ్రుతిలో అందుకుని, రాగం తీసి, చిట్టచివరి నేల టికెట్టువాడి చేత కూడా వన్స్‌మోర్ అనిపించుకునేవారంటే, మైకు లేనికాలపు అవసరం అందులో సగం.

మైకుకు ఆ అవసరం లేదు. అమెరికాలో బింగ్ క్రాస్బీ చెవి దగ్గర చెప్పినట్టు పాడి లోకాన్ని ఊపేశాడు. మన దగ్గర ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ వంటి మెత్తని గొంతులు పెద్ద ఆర్కెస్ట్రా ముందు నిలబడగలిగాయంటే అది మైకు పెట్టిన భిక్షే. మైకుకూ నోటికీ మధ్య దూరం సగం చేస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలోని ప్రతిధ్వని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంటే ఒక అడుగు ముందుకు వేయడం కూడా మిక్సింగే.

1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కాలంలో తెర మీది మనిషే పాడాలి, అక్కడికక్కడ. 1935 ప్రాంతంలో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్ళు ప్లేబ్యాక్ పద్ధతి పెట్టాక రికార్డింగ్ థియేటర్ అనే గది సినిమా పాటకు పుట్టిల్లయింది. మద్రాసు థియేటర్లలో ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాలు సాగిన పద్ధతి తెలిసిందే. ఆర్కెస్ట్రా హాల్లో, గాయకులు గాజు అద్దాల గదిలో, అందరూ ఏకకాలంలో. చివరి చరణంలో తబలా జారితే మొదటి నుంచీ అందరూ మళ్ళీ వాయించాల్సిందే. సౌండ్ ఇంజనీరు చేతిలో ఉన్న నాలుగైదు నాబ్‌లతో పాట జరుగుతుండగానే పాళ్ళు తేల్చాలి. తర్వాత సరిదిద్దుకునే వీలు లేదు.

ఆ ఇబ్బందే మాటను కాపాడిందంటాను. సంగీత దర్శకుడు, అతని సహాయకుడు నొటేషన్ రాసుకునేటప్పుడే ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలో రాసేవారు. గాయకుడు పాడుతున్నంతసేపు వయొలిన్లు వెనక పొడవాటి స్వరం పట్టుకుని కూర్చుంటాయి. పాదం ముగిసి ఆయన ఊపిరి తీసుకునే సందులో ఫ్లూటు ఒక బిట్టు పలికి తప్పుకుంటుంది. ఇంటర్లూడ్ వచ్చినప్పుడే అందరికీ స్వేచ్ఛ. 1950ల, 60ల మోనో పాటను ఇప్పుడు వినండి. ధ్వని పరిధి చిన్నది, అడుగున ఇసుక రాలుతున్నట్టు సవ్వడి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. మాస్కింగ్ అన్న పేరు వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా దాన్ని కాగితం మీదే ఓడించారు.

అందరూ మాట్లాడే సభ

అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ 1957లో ఆంపెక్స్ కంపెనీ చేత ఎనిమిది ట్రాకుల టేపు రికార్డర్ చేయించుకున్నాడు. గొంతు ఒక ట్రాకులో, గిటార్ ఇంకో ట్రాకులో, ఎవరికి వారు వేర్వేరు రోజుల్లో వాయించి వెళ్ళిపోవచ్చు. పాళ్ళు తర్వాత చూసుకోవచ్చు. మిక్సింగ్ ఒక ప్రత్యేక వృత్తిగా నిలబడింది ఈ 'తర్వాత' అన్న సౌకర్యం మీదే. ఎనిమిది కాస్తా పదహారు, ఇరవైనాలుగు అయ్యాయి. కంప్యూటర్ వచ్చాక లెక్కే లేదు, ఒక సినిమా పాటకు వంద ట్రాకులంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. ఎవరూ ఎవరినీ వింటూ వాయించడం లేదు కనుక తప్పుకోవాల్సిన అవసరమూ ఎవరికీ కనబడదు. అందరూ నిండుగా వాయించి వెళతారు. ఆ నిండుదనమంతా వచ్చి చివర్లో ఒక్క మనిషి బల్ల మీద పడుతుంది.

ఆ మనిషి మొదట చేసే పని గొంతు పెంచడం అనుకుంటాం. నిజానికి గొంతును ఒంటరిగా ఎంత పెంచినా బేస్, కీబోర్డులు అదే పట్టీల్లో ఉంటే పోటీ ఆగదు, మిక్స్ మొత్తం కేకలవుతుంది. పనితెలిసినవాడు పెళ్ళిలో గ్రూపు ఫోటో తీసేవాడిలా ఆలోచిస్తాడు. ఎవరినీ బయటకు పంపడు, పొడుగువాళ్ళను వెనక్కి, పిల్లలను ముందుకు, వెడల్పాటి బాబాయిని ఓ పక్కకు జరుపుతాడు. కీబోర్డులో 3,000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ కోస్తాడు. గిటార్లను చెరో పక్కకు తోస్తాడు. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య అన్ని వాద్యాల అడుగుభాగాలూ పేరుకుపోయి బురదలా తయారవుతుంది, దాన్ని ఒక్కో ట్రాకులో కొంచెం కొంచెంగా తోడేస్తాడు. తోడిన ట్రాకును ఒంటరిగా వింటే పీలగా, రోగిష్టిలా ఉంటుంది. అందరితో కలిపి వింటే ఎవరికీ ఆ లోటు తెలియదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు ప్రతి ట్రాకునూ సోలో నొక్కి అందంగా చెక్కుతూ కూర్చోవడం, అన్నీ కలిపాక తల పట్టుకోవడం ఏ స్టూడియోలోనైనా కనిపించే దృశ్యమే.

తర్వాత కంప్రెసర్. పాడేటప్పుడు గొంతు ఒక మాట మీద ఎగసి, మరో మాట చివర జారుతుంది. జారిన ఆ చివరి అక్షరమే వాద్యాలకు మొదటి ఆహారం. కంప్రెసర్‌ను నాలుగుకు ఒకటి పాళ్ళలో పెడితే, మనం గీసిన గీత దాటి గొంతు నాలుగు డెసిబెల్స్ ఎగసినప్పుడు ఒక్క డెసిబెల్ మాత్రమే బయటికి పోనిస్తుంది. ఎగసేవి అణిగాయి కనుక మొత్తాన్ని కొంచెం పైకి ఎత్తొచ్చు, జారిన అక్షరాలు కూడా దాంతోపాటు తేలుతాయి. యంత్రాన్ని పూర్తిగా నమ్మనివాళ్ళు ఫేడర్ మీద వేలు పెట్టి అక్షరం అక్షరానికీ ఎత్తుతూ దించుతూ పోతారు. మూడు నిమిషాల పాటకు ఒక పూట పడుతుంది. శ్రోతకు ఆ శ్రమ ఎక్కడా కనిపించదు, మాట అర్థమవుతుంది, అంతే.

రివర్బ్ దగ్గర చెవి మనకు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక శబ్దం తర్వాత సుమారు 30 మిల్లీసెకన్లలోపు వచ్చే దాని ప్రతిధ్వనిని మెదడు వేరే శబ్దంగా లెక్కించదు, మొదటిదాంట్లో కలిపేసుకుంటుంది. జర్మన్ పరిశోధకుడు హెల్ముట్ హాస్ 1949లో దీన్ని వివరించాడు. రివర్బ్‌ను అక్షరానికి అతికించకుండా కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలుపెడితే హల్లు పొడిగా, శుభ్రంగా ముందు వినబడుతుంది, గది విశాలం వెనక పరుచుకుంటుంది.

ఫోన్ స్పీకర్ ఈ లెక్కలన్నిటినీ మళ్ళీ కెలుకుతుంది. అంత చిన్న స్పీకరు 60 హెర్ట్జ్ పలకలేదు. అయినా బేస్ గిటార్ వరస మనకు తెలుస్తూనే ఉంటుంది. 120, 180, 240 హెర్ట్జ్... ఇలా పైమెట్లన్నీ వినిపిస్తే చాలు, వినబడని 60 హెర్ట్జ్‌ను మెదడే ఊహించుకుంటుంది. ఇది తెలిసిన ఇంజనీర్లు బేస్‌కు కావాలని కాస్త గరుకుదనం కలిపి పైమెట్లను పెంచుతారు, ఫోన్లోనూ బేస్ బతకాలని. ఆ పైమెట్లు వచ్చి కూర్చునేదేమో గొంతు ఉండే ఇలాకాలో! దానికి తోడు, స్టీరియోలో చెరో పక్కకు తోసిన గిటార్లు ఒకే స్పీకరున్న ఫోన్‌లో మళ్ళీ గొంతు మీదికే వచ్చి పడతాయి.

తెలిసినవాడికి అన్నీ వినబడతాయి

ఇన్ని ఉపాయాలున్నాయి, వాడేవాళ్ళూ ఉన్నారు. మరి మాట ఎందుకు పోతోంది? కారణాల్లో ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ 1970లో చేసిన ప్రయోగంలో దొరుకుతుంది. రికార్డు చేసిన ఒక వాక్యంలో ఒక్క ధ్వనిని పూర్తిగా కోసేసి ఆ చోట దగ్గు అతికించాడు. విన్నవాళ్ళకు మాట పూర్తిగానే వినిపించింది, పోయిన ధ్వని ఏదో పట్టుకోలేకపోయారు. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. ఏ మాట రావాలో ముందే తెలిస్తే మెదడు లోటు పూడ్చేసుకుని, నిజంగా విన్నాననే నమ్ముతుంది.

ఇప్పుడు మిక్సింగ్ గదిలో ఎవరున్నారో చూడండి. బాణీ కట్టినవాడు, పాడినవాడు, ట్రాకులను వారం రోజులుగా తిరగేస్తున్న ఇంజనీరు. పాట అందరికీ కంఠతా వచ్చు. గొంతును మూడు డెసిబెల్స్ దించినా వాళ్ళకు ప్రతి అక్షరం ముత్యంలా వినిపిస్తుంది. దించితే తాళానికి ఊపు పెరుగుతుంది, వాద్యాలు పెద్దవవుతాయి, ఇంకాస్త దించుదామా అనిపిస్తుంది. మొదటిసారి వినేవాడి చెవి ఆ గదిలో ఎవరికీ లేదు. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్'కు తాను 91 మిక్సులు చేశానని, తీరా అందరూ కలిసి ఎంచుకున్నది రెండో మిక్స్ అని ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ చెప్పేవాడు. అనుభవం ఉన్నవాళ్ళు గొంతు కాస్త పెంచిన మిక్స్ ఒకటి, దించిన మిక్స్ ఒకటి విడిగా చేసి ఉంచుకునేది ఇందుకే. మర్నాడు పొద్దున్నే చిన్న డబ్బా స్పీకర్‌లో వినేది కూడా ఇందుకే. వాళ్ళందరికంటే పనికొచ్చేవాడు టీ తెచ్చే కుర్రాడు. "రెండో లైను ఏం పాడాడ్రా?" అని అడిగితే అబద్ధం చెప్పడు.

అయితే గొంతే రాజు అని ఎవరు తీర్మానించారు? ఈ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్ళలో అమెరికన్ రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ ఆల్బినీ ఒకడు. బ్యాండ్ గదిలో ఎలా మోగుతుందో అలాగే పట్టుకోవడం తన పని అనుకున్నాడు. ప్రొడ్యూసర్ అన్న బిరుదు వద్దన్నాడు, అమ్మకాల మీద రాయల్టీ తీసుకోవడం తప్పని మొత్తంగా ఒక రుసుము మాత్రమే పుచ్చుకునేవాడు. 1993లో నిర్వాణా బ్యాండ్ 'ఇన్ యుటెరో' ఆల్బమ్‌ను మిన్నెసోటాలోని ఒక స్టూడియోలో రికార్డు చేశాడు. గొంతు కూడా బ్యాండులో ఒకటి, డ్రమ్ముల కంటే ఎక్కువేమీ కాదన్నట్టు ఉంటుంది ఆ పనితనం. కంపెనీకి నచ్చలేదు, గొంతు వెనకబడిందని బ్యాండుకే సందేహం వచ్చింది. సింగిల్స్‌గా విడుదల చేయాల్సిన పాటలను స్కాట్ లిట్ అనే ప్రొడ్యూసర్ చేత మళ్ళీ మిక్స్ చేయించి గొంతును ముందుకు తెచ్చారు. ఇరవయ్యేళ్ళ తర్వాత 2013 సంచికలో ఆల్బినీ మొదటి మిక్సులు కూడా బయటకొచ్చాయి కనుక రెంటినీ పక్కపక్కన పెట్టి వినవచ్చు. నాకు ఆల్బినీ డ్రమ్ములు, లిట్ గొంతు కావాలనిపిస్తుంది. అది ఎటూ తేల్చుకోలేని వాడి తీర్పని నాకూ తెలుసు.

రాక్ బ్యాండుకు చెల్లిన వాదం తెలుగు సినిమా పాటకు అలాగే చెల్లుతుందా అన్నది వేరు. పద్యం నుంచి, హరికథ నుంచి, యక్షగానం నుంచి వచ్చిన శ్రోతకు పాటంటే ముందు మాట. మన పాటల మిక్సుల్లో గొంతు పాశ్చాత్య రాక్ కంటే ముందుండటం చాలాకాలం ఆనవాయితీ. డ్యాన్స్ ఫ్లోర్ కోసం చేసే పాటలో ఆ ఆనవాయితీ వదిలేశారంటే అర్థం చేసుకోగలను, అక్కడ కిక్ డ్రమ్మే కథానాయకుడు. కథను మోసే పాటలో, విషాదగీతంలో కూడా అదే కొలత వాడటం నాకు మింగుడుపడదు.

బిగ్గరగా ఉండాలన్న యావ ఇంకో దెబ్బ తీసింది. సీడీ కాలం నుంచి కంపెనీలు పక్క పాట కంటే తమ పాట గట్టిగా వినిపించాలని లిమిటర్లతో శిఖరాలన్నీ నరికించాయి. 2008లో మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' మరీ శ్రుతిమించి, అదే పాటలు వీడియో గేములో మెరుగ్గా ఉన్నాయని అభిమానులే గోల చేశారు. లిమిటర్ బిగించేకొద్దీ హల్లులకూ వాద్యాలకూ మధ్య ఉన్న కాస్త ఎత్తుపల్లం కూడా చదునవుతుంది. ఇప్పుడు ఆ పరుగుకు అర్థం పోయింది. స్పాటిఫై మామూలుగా అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ఒకే బిగ్గరతనానికి సర్ది వినిపిస్తుంది. నరికి ఎత్తు పెంచిన పాటను అది మళ్ళీ దించేస్తుంది. పెంచిన ఎత్తు పోయింది, నరికిన గాయాలు మాత్రం మిగిలాయి.

ఈ కథలో మరో మలుపు 2023 నవంబరులో వచ్చింది. జాన్ లెనన్ 1970ల చివర ఇంట్లో పియానో దగ్గర కూర్చుని క్యాసెట్‌లో పాడిపెట్టిన 'నౌ అండ్ దెన్'ను మిగతా బీటిల్స్ 1995లో పూర్తి చేయాలని చూసి వదిలేశారు. పియానో గొంతును మింగేసింది, రెండూ ఒకే ట్రాకులో ఉన్నాయి కనుక విడదీసే దారి లేదు. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ గొంతును, పియానోను వేరు చేసి ఇచ్చాక పాట విడుదలైంది. కలిసిపోయినదాన్ని మళ్ళీ విడదీయడం ఇప్పుడు పెద్ద స్టూడియోలకే పరిమితం కాదు. కరోకె కోసం గొంతు పాలు తగ్గించుకునే మీటను యాపిల్ మ్యూజిక్ 2022 డిసెంబరులోనే శ్రోత ఫోన్లో పెట్టింది.

తగ్గించే మీట ఉన్నప్పుడు పెంచే మీట ఎంతో దూరంలో ఉండదు. సంగీత దర్శకులు ఒప్పుకుంటారా, మిక్స్ తన సంతకం అనుకునే ఇంజనీరు ఏమంటాడు అన్నవి పెద్ద తగువులే అవుతాయి. వాళ్ళు తేల్చుకునేలోగా ఆ మీట నా ఫోన్లోకి వస్తే, గొంతును రెండు డెసిబెల్స్ పైకి జరుపుతాను. డ్యాన్సు పాటల జోలికి మాత్రం పోను.